మావయ్యగారి మాట కాదన్న రోజు

మా పాప అమీర్‌పేటలో రెండో తరగతి చదువుతున్నప్పటి సంగతి. పాపకు మాటలు ఆలస్యం, వేళ్లలో పట్టు తక్కువ. అందుకని క్లాసులో పక్కన కూర్చుని సాయం చేయడానికి బడివాళ్లు తోడు టీచర్‌ను ఇచ్చారు. ఆ సాయం కొనసాగించాలో వద్దో తేల్చే మీటింగుకు, మావారికి సెలవు దొరక్క, మావయ్యగారు నాతో వచ్చారు.

"ఇంట్ల పాప తనంతట తాను తింటదా, బట్టలేసుకుంటదా?" అని అడిగారు మీటింగు నడిపే మేడమ్.

నేను నోరు తెరిచేలోపే మావయ్యగారు, "అన్నీ తనే చేసుకుంటుందండీ. మా మనవరాలు బంగారం" అన్నారు, పెళ్లిచూపుల్లో పిల్ల గురించి చెప్పినట్టు.

"మస్తు మంచిగైంది సార్. గట్లయితే ఇంక తోడు టీచర్ అవసరం లేదు" అంటూ ఆవిడ పెన్ను తీశారు.

పెళ్లయ్యాక ఏనాడూ ఆయన మాట కాదని ఎరగను. "లేదు మేడమ్. అన్నం నేనే తినిపిస్తాను. బొత్తాలు నేనే పెడతాను" అన్నాను. మావయ్యగారు తల దించుకున్నారు. తోడు టీచర్ సాయం మాత్రం ఆగలేదు.

పంజాగుట్టలో ఇంటి ముందు ఆటో దిగాం. పాప చెప్పు ఊడితే ఆయన వంగి తొడిగి, "నలుగురిలో దాన్ని తక్కువ చేసి చెప్పడం నావల్ల కాదమ్మా. ఈసారి నన్ను బయటే కూర్చోబెట్టు" అన్నారు.

పిల్లకు చేతకానివి చెప్పడం దాన్ని చిన్నబుచ్చడం కాదని మా ఇద్దరికీ ఆరోజే తెలిసింది. ఇప్పటికీ మీటింగుకు వస్తారు, బయటే కూర్చుంటారు. నేను రాగానే, "ఉన్నదున్నట్టు చెప్పావా?" అని అడుగుతారు. ఆ తర్వాత ఇంటిదాకా ఆటోవాడికి మనవరాలి గొప్పలు చెబుతారు.