గుమ్మం బయట తెల్ల చెప్పులు

గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్న పెద్దాయన చూపు మా చెప్పుల మధ్య ఉన్న చిన్న తెల్ల జత మీద ఆగింది.

అవి లాన్‌వి. ఆమెది వియత్నాం. మస్కట్‌లో మేముండే అజైబాలోనే సెలూన్‌లో పనిచేసేది. అది మూతపడి రూమ్ కూడా పోతే మా ఇంటికి తీసుకొచ్చాను. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టించి, ఖురంలో ఇంకో సెలూన్‌లో పని మాట్లాడాను. పని మారడానికి పాత సెలూన్ కంపెనీ సంతకం ఒక్కటే కావాలి. పారిపోయిందని వాళ్లు కేసు పెడితే ఆమెను దేశం నుంచి పంపించేస్తారు, ఇంట్లో ఉండనిచ్చిన మాకూ చిక్కే. ఈయన ఆ కంపెనీ మనిషి, కడప వైపు ఆయన, లాన్‌ను వెతుక్కుంటూ వచ్చాడు. మావారేమో పని మీద దూరంగా రుస్తాఖ్ సైట్‌లో ఉన్నారు.

"మా ఇంట్లో బయటివాళ్లు ఎవరూ లేరండీ" అన్నాను.

"మరి ఈ చెప్పులెవురివి మ్మా?"

"నావే."

"ఏదీ, ఒకసారి ఏసుకో చూద్దాం."

వేసుకున్నాను. మడమ సగం బయటే ఉండిపోయింది. వెనక నుంచి పిల్లలిద్దరూ చూస్తున్నారు. సిగ్గుతో ముఖం మండిపోయింది. లోపలికి వెళ్లి ఫిర్యాదు రసీదు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"లాన్ ఇక్కడే ఉంది. పారిపోలేదు. మాట్లాడాలంటే లేబర్ ఆఫీసులో మాట్లాడండి, నేనూ వస్తాను."

ఆయన చదివి నవ్వాడు. "ఇంత కాగితం పెట్టుకోని దాచేదెందుకు మ్మా? ఆయమ్మను తోడుకోని రా, సంతకం పెట్టిస్తా."

అన్నట్టే పెట్టించాడు. లాన్ ఇప్పుడు ఖురంలో పనిచేస్తోంది. నన్ను కాపాడింది కాగితమే, అబద్ధం కాదు.

ఆయన వచ్చి వెళ్లిన మర్నాడు ఉదయమే పిల్లలతో అన్నాను: "నిన్న అమ్మ అబద్ధం చెప్పింది, మీరు చూశారు. అది నా తప్పు. లాన్ ఆంటీ ఏ తప్పూ చేయలేదు. ఎవరడిగినా మనింట్లోనే ఉందని చెప్పండి."