రత్నమ్మ మేడం చూపించిన సన్నగీత

ఆదోని మార్కెట్ యార్డు దాటుతుంటే బస్సు కిటికీలోంచి ఒక దూదిపింజె వచ్చి నా ఒళ్లో ఉన్న గాజుతొట్టె మీద వాలింది. పత్తి లారీలు బారులు తీరే రోజుల్లో ఈ ఊళ్లో ఇది మామూలే. గాలి నిండా పత్తిగింజల వాసన, కనురెప్పల మీద నూగు. దాన్ని దులపబోయి ఆగిపోయాను. "ఇది ఏ ఊరి చేలోదో సెప్పగలవా?" అని అడిగిన గొంతు గుర్తొచ్చింది.

అది రత్నమ్మ మేడం గొంతు. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, ఆదోనిలో మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. నేను ఆమె దగ్గరే చదువుకుని, తర్వాత ఆమె కిందే ల్యాబ్ ఉద్యోగంలో చేరాను. ఆకాశం నుంచి ఎడతెగకుండా మన మీద కురిసే విశ్వకిరణాలను పిల్లల కళ్లకు చూపించాలని ఆమె పట్టుదల. అందుకే ఈ తొట్టె. ఒకప్పుడు ఇందులో చేపలుండేవి. పైన స్పిరిట్‌లో తడిపిన గుడ్డ, అడుగున నల్లరంగు పూసిన రేకు, దాని కింద డ్రై ఐస్ పెడితే లోపల పలుచని ఆవిరి పేరుకుంటుంది. విద్యుదావేశమున్న కణం ఏదైనా అందులోంచి దూసుకుపోతే, దాని దారి పొడవునా ఒక తెల్లని గీత పడి క్షణంలో చెదిరిపోతుంది. డ్రై ఐస్ కర్నూలు నుంచి థర్మోకోల్ పెట్టెలో బస్సు మీద వచ్చేది. ఆదోని చేరేసరికి సగం గాలిలో కలిసిపోయేది.

ఆమె చదువుకున్న ఎమ్మిగనూరు బడిలోనే మొదటి ప్రదర్శన పెట్టుకున్నాం. బాగా జరిగితే పిల్లలతో ప్రయోగాలు చేసుకోవడానికి పాత స్టోర్ గది ఇస్తానని హెడ్మాస్టర్ మాటిచ్చారు. ఆ గది మీద మేడం ఎంత ఆశ పెట్టుకున్నారంటే, కిటికీకి కట్టే నల్లగుడ్డ తమ్ముడి మగ్గం మీదే నేయిస్తానని ముందే చెప్పేశారు.

ఆ రోజు అంతా సర్దాక ఎంత చూసినా గీత పడలేదు. "సల్లబడనీప్పా. నీకు అన్నిట్లో తొందరే," అని నవ్వి, ఆమె పిల్లల్ని పిలుచుకురావడానికి వెళ్లారు. నా జేబులో పాత పెట్రోమాక్స్ లైటులో వెలిగే వలగుడ్డ, మాంటిల్ అంటారు, దాని ముక్క ఉంది. పీర్ల పండుగకు లైట్లు అద్దెకిచ్చే దుకాణంలో దొరికింది. వెనకటి మాంటిళ్లలో థోరియం ఉండేది, దానిలోంచి కణాలు ఎప్పుడూ వెలువడుతూనే ఉంటాయి. దాన్ని వేరే రోజు, వేరే పాఠంగా చూపిద్దామని మేడం ముందే అన్నారు. నేను మూత ఎత్తి దాన్ని ఒక మూలన వేసేశాను.

పిల్లలు వచ్చి చుట్టూ చేరేసరికి గీతలే గీతలు. ఈలలు, చప్పట్లు. "నక్షత్రాల నుంచి వచ్చినాయి, చూడండి!" అని అరిచాను. "భలే సార్! గది మీదే పో!" అని హెడ్మాస్టర్ నా భుజం తట్టారు.

మేడం వంగి చూస్తూ ఉండిపోయారు. "ఏమప్పా, ఇంత పొట్టిగా, లావుగా ఉండాయే? అన్నీ ఆ మూలనుంచే వస్తాండాయే?" అన్నారు నెమ్మదిగా. ఆమె మూత తీసి, ఆ ముక్కను పైకెత్తి అందరికీ చూపించారు. "పిల్లలూ, మీరు సూసింది దీంట్లోనుంచి వచ్చింది, నక్షత్రాలది కాదు. మేమే పెట్టినాం. తప్పు మాదే."

"అంటే మమ్మల్ని ఎర్రోళ్లను సేసినారా మేడం?" అన్నారు హెడ్మాస్టర్. పిల్లలు గొల్లున నవ్వారు. పెట్టింది నేనని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో నేను థర్మోకోల్ పెట్టె సర్దుతున్నట్టు నటించాను.

"కూసోండి, అసలుది వస్తాది," అన్నారు మేడం. సగంమంది వెళ్లిపోయారు. చాలాసేపటికి, వెంట్రుకంత సన్నగా, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక గీత పడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేతవారి అమ్మాయి ఒకతె మాత్రం, "ఇది యాడనుంచి వచ్చింది మేడం?" అంది.

"ఇదీ అసలు కిరణం కాదమ్మా, దాని మనవరాలు. అసలుది పైన గాలిని గుద్దుకుంటే ఇది పుట్టింది. అసలుది యాడిదంటావా, పెద్ద నక్షత్రం ఒకటి పేలిపోతాది. ఆ పేలుడు అల పోతా ఉంటే, చిన్న కణం అలకు ఇవతలికీ అవతలికీ మీ నాయన మగ్గంలో నాడె మాదిరి తిరుగుతాది. దాటినప్పుడల్లా జోరు పెరుగుతాది. కడకు అల పట్టలేనంత జోరొచ్చి బయటపడతాది."

"అయితే ఏ నక్షత్రమో సూపీండి."

"తెలీదు తల్లీ." ఆ పిల్ల జడకు అంటిన దూదిపింజెను తీశారు. "ఇది ఏ ఊరి చేలోదో సెప్పగలవా? తుగ్గలిదా, గోనెగండ్లదా? నక్షత్రాల నడుమ అయస్కాంత క్షేత్రాలు దాన్ని ఇట్లే తిప్పుతాయి, లక్షల ఏండ్లు. ఈడికొచ్చేసరికి పుట్టిన దిక్కు మిగలదు. పేలిన నక్షత్రాల నుంచే చానా వస్తాయని అనుకుంటాండారు. అన్నీ ఆడనుంచేనని ఇంకా తేలలేదు."

గది రాలేదు. తిరుగు బస్సులో మేడం ఒక్కటే అడిగారు: "ఎందుకప్పా?"

"గది పోతాదని మేడం."

"గది వచ్చుంటే, దాంట్లో కూసోని ఏం సెప్పేవాళ్లం?"

మేడం మళ్లీ ఆ ఊసెత్తలేదు. సిగ్గుపడాల్సిన నేను చాలా రోజులు ఆమె మీదే కోపం పెట్టుకున్నాను. పిల్లలు వెళ్లాక చెప్పి ఉండొచ్చు కదా అనుకున్నాను. హెడ్మాస్టర్‌కు నిజం చెబుదామని అనుకుంటూ ఉండగానే ఆయన బదిలీ అయ్యారు, కొన్నేళ్లకు మేడం పోయారు.

ఇప్పుడు నేను గోనెగండ్ల బడిలో సైన్సు చెబుతాను. ఈ తొట్టె పెట్టిన ప్రతిసారీ ముందు మాంటిల్ ముక్క చూపించి, ఆ రోజు దాన్ని వేసింది ఎవరో, మాట పడింది ఎవరో చెబుతాను. తర్వాత దాన్ని తీసేసి, మూత వేసి, అందరం కూర్చుంటాం. పిల్లలు విసుక్కుంటారు. కిందటిసారి ఒకడు, "సార్, ఏమీ రాలే కదా, ఆ ముక్క మళ్లా వేయండి సార్," అని బతిమాలాడు.

"సల్లబడనీప్పా," అన్నాను.