బూజనుకుని పారేసిన ట్యూబులు

2022లో విశాఖపట్నంలో ఒక మైక్రోబయాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఎలమంచిలిలో ఆసుపత్రి ల్యాబ్‌లో చేశాను. శుభ్రం విషయంలో నాకు చాదస్తం. నాతో వేగడం కష్టమని ఇంట్లోవాళ్లు అంటారు, అది నిజమే.

కొత్త ల్యాబ్‌లో పని వేరు. సముద్రం అడుగున పేరుకున్న బురద తేవాలి. దాన్ని సెడిమెంట్ అంటారు. అందులోని బ్యాక్టీరియాను ప్లేట్ల మీద పెంచి, క్యాన్సర్ కణాలను చంపే పదార్థం ఏదైనా తయారుచేస్తోందా అని చూడాలి. మా దగ్గర పీహెచ్‌డీ చేసే శ్రావణిది ఆనందపురం దగ్గర రైతు కుటుంబం. నాలుగేళ్లు వందల ప్లేట్లు చూస్తే ఆ అమ్మాయికి అలాంటి బ్యాక్టీరియా ఒకే ఒక్కటి దొరికింది. దాని నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్, అంటే సారం, బయట ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేస్తే అవి చచ్చిపోయాయి. అంతమాత్రాన మందు దొరికేసినట్టు కాదు. ఇలాంటివి మందు కావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, చాలావరకు కాకుండానే పోతాయి. కానీ శ్రావణి థీసిస్ మొత్తం దాని మీదే ఉంది. గైడ్ ఆ పరీక్ష ఇంకోసారి చేసి చూపించమన్నారు. ఫెలోషిప్ చూస్తే ఎనిమిది నెలల్లో అయిపోతుంది.

ఆ అమ్మాయి వాళ్ల అన్న పెళ్లికి ఊరెళ్లిన వారంలో నేను ఫ్రిజ్ కడిగాను. వెనక అరలో ఆరు ట్యూబులున్నాయి. తడికి వాటి మీది కాగితాలు ఊడిపోయాయి. లోపల బూడిదరంగులో పొడిపొడిగా ఏదో పెరిగి ఉంది. ఆసుపత్రిలో అలా కనిపిస్తే బూజు పట్టిందని లెక్క, పక్కవాటికి అంటకముందే వదిలించుకోవాలి. నేనూ అదే చేశాను. ఆటోక్లేవ్‌లో పెట్టేశాను. అది ప్రెషర్ కుక్కర్ లాంటిదే, అందులో పెట్టిన ఏ సూక్ష్మజీవీ బతకదు.

శ్రావణి వచ్చీ రాగానే ఫ్రిజ్ తెరిచింది.

"అక్కా, నా ట్యూబులేవి?"

"ఆ బూజు పట్టినవా? పారేశానమ్మా."

"ఏటి సేసేవక్కా! అది బూజు కాదు, ఆక్టినోమైసిటీస్!"

ఎప్పుడూ పద్ధతిగా మాట్లాడే పిల్ల నోట ఇంటి భాష వచ్చేసింది. ఆక్టినోమైసిటీస్ అనే బ్యాక్టీరియా చూడ్డానికి బూజులాగే ఉంటుందని నేను కాలేజీలో చదువుకున్నదాన్నే. పద్దెనిమిదేళ్ల అలవాటు ఆ చదువును మింగేసింది. డీప్ ఫ్రీజర్‌లో దాచాల్సిన నకళ్లు ఇంకా చేయలేదట, పెళ్లి నుంచి వచ్చాక చేద్దామనుకుందట. స్టూల్ మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. నాలుగు తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

పాత బురద కూడా అయిపోయింది. మళ్లీ తెద్దామంటే సరిగ్గా ఎక్కడి నుంచి తెచ్చారో తెలియాలి, వంద గజాలు అటూ ఇటూ అయినా అది దొరకకపోవచ్చు. శ్రావణి లొకేషన్ దాచుకున్న ఫోను ఎప్పుడో పోయింది. నోటుబుక్కులో "యారాడ, ఇరవై మీటర్ల లోతు" అని మాత్రం ఉంది. దాంతో అప్పుడు పడవ నడిపిన యారాడ అప్పన్న దగ్గరికి వెళ్లాం.

"ఆ చోటు గుర్తుందా అన్నా?" అని అడిగాను.

"గురుతు లేకపోటమేటమ్మా? ఆ పక్కన రాతికి తగిలి నా వల సిరిగింది."

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. అప్పన్న నీళ్లకేసి చూడలేదు, ఒడ్డుకేసి చూస్తూ పడవ నడిపాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్, దాని వెనక కొండలోని ఒక నొక్కుకు సూటిగా రావాలట. రెండో పక్క దక్షిణాన ఉన్న కొండ అంచు నుంచి స్టీల్ ప్లాంటు పొగగొట్టాలు అప్పుడే బయటపడుతూ కనబడాలట. రెండూ కుదిరితే అదే చోటు. లైట్‌హౌస్ కుదిరింది. మంచుకి గొట్టాలు కనబడలేదు. పడవ ఊగుతుంటే నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

"దగ్గర్లోనే ఉన్నాం కదా, ఇక్కడే తీసేద్దాం అన్నా," అన్నాను.

"తొందరపడితే మల్లీ ఏరే మట్టి అట్టుకెల్తారు. మంచు తేలనీయండమ్మా."

తొందర గురించి మాట్లాడే అర్హత నాకు లేదు.

ఎండ వచ్చాక గొట్టాలు బయటపడ్డాయి. అప్పన్న పడవను కాస్త జరిపాడు. అడుగు మట్టిని పట్టి తెచ్చే ఇనుప దవడను, మేం గ్రాబ్ అంటాం, కిందికి వదిలాం. ఇసక వచ్చింది. అప్పన్న వేళ్ల మధ్య నలిపి, "ఇది కాదు, ఆయాల మట్టి జిడ్డుగుంది," అని పారబోశాడు. మూడోసారికి నల్లగా, అంటుకునే బురద వచ్చింది. అతను తలూపాడు.

ఈ బ్యాక్టీరియా పెరగడానికి మూడు వారాలు పడుతుంది. రోజూ వెళ్లి ప్లేట్లు చూసి వచ్చేదాన్ని, ముట్టుకునేదాన్ని కాదు. పంతొమ్మిదో రోజున బూడిదరంగు చుక్కలు లేచాయి. జన్మలో బూజులాంటి దాన్ని చూసి అంత సంతోషపడతాననుకోలేదు. పన్నెండు చుక్కలు ఏరి జన్యుపరీక్షకు పంపితే, అందులో ఒకటి, శ్రావణి ముందే రాసిపెట్టుకున్న పాతదాని జన్యు వివరాలతో సరిపోయింది. దాని సారం క్యాన్సర్ కణాల మీద మళ్లీ పనిచేసిందని మెయిల్ వచ్చిన మధ్యాహ్నం శ్రావణి, "అదే అక్కా! అదే!" అంటూ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నా గుండెల మీది కుంపటి అప్పుడు దిగింది. చెప్పులతో తిరిగే ఆ గచ్చు మీదే కూలబడ్డాను. ఆ సాయంత్రమే నకళ్లు చేసి మూడు ఫ్రీజర్లలో దాచాం.

అప్పన్నకు ఫోన్ చేసి చెప్తే, "నాను సెప్పలేదేటి?" అని నవ్వాడు.

నా చాదస్తం పోలేదు, ఇప్పటికీ ఫ్రిజ్ వారంవారం కడుగుతాను. కానీ పారేసే ముందు ఎవరిదని అడుగుతాను. మొన్న స్టాఫ్ రూములో ఎవరో మరిచిపోయిన పెరుగన్నం డబ్బాకు బూజు పట్టి ఉంటే, దాన్నీ పట్టుకుని గదిగదికీ తిరిగి అడిగాను. అందరూ పడీపడీ నవ్వారు. శ్రావణి మాత్రం నవ్వలేదు.