స్వార్థాన్ని నమ్మి పెట్టిన భోజనం

పుస్తకం చదివి పెళ్ళి సంబంధం చెడగొట్టబోయినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? లేకపోతే నన్ను చూడండి.

తొంభైల చివర రాజమండ్రిలో ఎమ్మే ఎకనామిక్స్ వెలగబెడుతున్నాను. ఎవరి స్వార్థం వాళ్ళు చూసుకుంటే లోకానికంతటికీ మేలేనన్న పాత ఆర్థికవేత్తల మాట తలకెక్కింది. ఎక్కింది దిగితేనా? ఎక్కడో ఒకచోట ప్రయోగించి చూసేదాకా కాలు నిలవలేదు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో అక్క నిశ్చితార్థం దొరికింది.

"బంతి భోజనాలెందుకు నాన్నగారూ? అన్నీ బల్ల మీద పెట్టేద్దాం. ఎవరికేం కావాలో వాళ్ళే తీసుకుంటారు" అన్నాను. బఫే అప్పుడే మా వైపు వస్తోంది. చదువుకున్నవాడు చెప్పాడు కదాని నాన్నగారు సరేనన్నారు. వడ్డనకొచ్చిన బాబాయిలందరినీ అరుగు మీద కూర్చోబెట్టేశాను.

మధ్యాహ్నమైంది. పనసపొట్టు కూర, పులిహోర, గారెలు బల్ల నిండా ఉన్నాయి. మగపెళ్ళివారు కుర్చీల్లో కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నారు. ఒక్కరూ లేవరే! నేను బల్లకీ గుమ్మానికీ మధ్య కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాను. భోజనాలు సిద్ధమండి అంటే, పెళ్ళికొడుకు తండ్రి ఇప్పుడే టిఫిన్లయ్యాయన్నారు. ఆకలి లేదన్నమాట. ఆయన ఆకలి ఆయనకి తెలీదా అని ఊరుకున్నాను.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా గోదావరి జిల్లాల్లో బతిమాలందే వియ్యంకుడు తినడు. ఈ ముక్క నా పుస్తకంలో లేదు.

గంట గడిచాక ఆయన లేచి కండువా దులుపుకున్నారు. "వెళ్ళొస్తామండి. అన్నానికి పిలిచేవాళ్ళు లేని ఇంటితో వియ్యం గురించి మరోసారి ఆలోచించుకోవాలండి" అన్నారు నెమ్మదిగా. నాన్నగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. తలుపు పక్కన అక్క కళ్ళు తుడుచుకుంటోంది. నాకు నిజంగా భయమేసింది.

అంతలో అమ్మ గారెల పళ్ళెంతో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మీరు ఎంగిలి పడకుండా వెళ్తే ఈ పూట మా ఇంట్లో ఎవరం ముద్ద ముట్టమండి అన్నయ్యగారూ" అంది.

ఆయన వద్దండి, వద్దండి అంటూనే కూర్చున్నారు. బాబాయిలు పరుగున వచ్చి ఆకులు వేశారు. వాళ్ళు వద్దన్నకొద్దీ వీళ్ళు వడ్డించారు. ఆయన ఎన్ని గారెలు తిన్నారో చెప్పడం మర్యాద కాదు.

సంబంధం నిలబడింది. మగపెళ్ళివారు చేతులు కడుక్కున్నాక నేనూ ఆకు వేసుకుని కూర్చున్నాను. ఎవరూ నా వైపు రారు. నాన్నగారు జరిగిందంతా చెప్పేసినట్టున్నారు, కాబోయే వియ్యంకుడుగారు తేన్చి, "అబ్బాయికెవరూ వడ్డించకండి. తనకేం కావాలో తనే తీసుకుంటాడు" అన్నారు.

లేచి చూస్తే గిన్నెలన్నీ ఖాళీ. వాటి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ప్రాణం పోయినా సరే, మా ఇంటికొచ్చినవాళ్ళకి ఆకలుందో లేదో వాళ్ళని మాత్రం అడగను.