ఎప్పుడూ ఫోటో దిగని మనిషి

1977లో నేను దోహాలో ఒక ఫోటో స్టూడియోలో రీటచర్‌గా పనిచేసేవాణ్ణి. చమురు జోరు మీదున్న రోజులు, ఎటు చూసినా క్రేన్లు, నెలకో కొత్త లేబర్ క్యాంపు. ఓనర్ ఖాదర్ సేఠ్‌ది నిజామాబాద్, నాది జగిత్యాల. ఆయన ఫోటో తీసేవాడు, నేను దిద్దేవాణ్ణి.

రీటచింగ్ అంటే నెగెటివ్ మీద చేతిపని. నెగెటివ్‌లో లోకం తిరగబడి ఉంటుంది. తెల్ల చొక్కా నల్లగా, నల్ల జుట్టు తెల్లగా కనిపిస్తాయి. కింద బల్బు వెలిగే బల్ల మీద రోజంతా ఆ ముఖాలతో కూర్చుంటే, వీధిలో మామూలు మనుషుల్ని చూసినా కాసేపు అనుమానంగా ఉండేది. నెగెటివ్‌లో ముఖం మీద సన్నటి కుంచెతో ఎర్ర రంగు పూస్తే ప్రింటులో ఆ ముఖం తెల్లబడుతుంది. ఎండకు మాడిన మనవాళ్ళను పావుగంటలో పెళ్ళికొడుకుల్ని చేసేవాణ్ణి. "దుబాయ్ పోయి తెల్లగైండు" అని ఊళ్ళో మురిసిపోయేవారట. నా చేతిపని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం ముబారక్ వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఖతర్‌లోనే పుట్టినవాడు, నల్లవాడు. అతని పూర్వీకుల్ని ఆఫ్రికా నుంచి బానిసలుగా పడవల్లో తెచ్చారు. పెళ్ళిళ్ళలో పాడతాడు. అతని హిందీ, నా అరబ్బీ కలిపితే మాటలు సరిపోయేవి.

"ఇన్నాళ్ళూ మా పాటల క్యాసెట్ల మీద పడవ బొమ్మ వేసేవాళ్ళు. పాడేది ఎవరో జనానికి తెలియదు. ఈసారి నా ముఖం వేస్తామన్నారు," అని చెప్పాడు.

సేఠ్ లైట్లు సర్దుతుంటే తన తంబూర వాయించాడు. మన తంబూర లాంటిది కాదు, ముందు నిలబెట్టుకుని వాయించే ఆరు తీగలది. నడుముకు మేకగిట్టలు కుట్టిన పట్టీ కట్టుకున్నాడు. అతను కదిలితే ఆ గిట్టలు గలగలమన్నాయి. మిట్టమధ్యాహ్నం, అయినా నాకు ఒళ్ళు జలదరించింది. ఆత్మలు పట్టినవాళ్ళ దగ్గర ఈ పాట పాడితే ఆ ఆత్మ దిగివచ్చి మాట్లాడుతుందని వీళ్ళ నమ్మకం అని సేఠ్ చెప్పాడు.

పాట నాకు బాగా నచ్చింది. నచ్చినవాళ్ళకు నేను కుంచె కాస్త ఎక్కువే ఆడిస్తాను. ఎవరూ అడగకుండానే అతని ముఖానికి మూడు పూతలు పూశాను.

రెండు రోజుల తర్వాత ముబారక్ వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇక్కడి పెద్దావిడలు వేసుకునే నల్లటి ముసుగులోంచి ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. కుర్చీ వేసి, మెచ్చుకుంటుందని ప్రింటు ముందు ఆమె చేతికే ఇచ్చాను.

ఆమె చూసింది. లేచి నిలబడింది. ఫోటోను బల్ల మీద ఆనించి పెట్టి, చెప్పులు విడిచి, గోడవారకు వెళ్ళి తల వంచుకుంది. ఫోటోతో మెల్లగా అంది, "దొరా, కాఫీ తేనా?" ఆమె అరబ్బీలో అన్న మాటకు మన దొర అనే మాటే సరిపోతుంది.

"కూర్చో అమ్మా," అన్నాడు ముబారక్. ఆమె కూర్చోలేదు.

అతను నావైపు తిరిగాడు. "అల్ రయ్యాన్‌లో ఒక దొర ఉండేవాడు. అమ్మ ఆ ఇంట్లో బానిస. నేను పుట్టిన ఏడాదే ఆయన పోయాడు. ఆయన ఫోటో నీకెక్కడిది?"

"ఇది నీ ఫోటోనే కదా!"

"ఆయన ఫోటో దిగడం పాపమనేవాడు. లోకంలో ఎక్కడా ఆయన ఫోటో లేదు."

సేఠ్ నా చెవిలో గొణిగాడు. "ఏం జేసినవ్‌రా యాకూబ్? ఎవ్వని మొఖం దించినవ్?"

"రంగు పూసిన సేఠ్, గంతే," అన్నాను.

"ఈ ముక్కు, ఈ గడ్డం నువ్వు గీసినవేనా?" అని అడిగాడు ముబారక్. గోడవార నుంచి ఆమె తలెత్తి నన్నే చూసింది. ఆ కళ్ళు చూశాక నిజం చెప్పలేకపోయాను.

"నేనే గీశాను. ముక్కు సన్నం చేయడం మాకు అలవాటు."

"అయితే కడిగెయ్. కొత్త ప్రింటు తియ్. నేను చూస్తాను."

నెగెటివ్‌ను కుళాయి కింద పెడితే ఎర్ర రంగంతా పోయింది. అది ఆరాక ఇద్దరం డార్క్‌రూంలోకి వెళ్ళాం. ఎర్ర బల్బు వెలుగులో ట్రేలోని డెవలపర్ అనే మందునీళ్ళలో కాగితం వేశాను. తెల్లకాగితం మీద ముందు జుట్టు తేలింది, తర్వాత నల్లటి చెంపలు. ఆ తర్వాత అదే ముక్కు, అదే గడ్డం.

"నువ్వు గీయలేదు," అన్నాడు.

"లేదు."

ఆ దొరే తన తండ్రి అని అతనికి అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ళూ తల్లి చెప్పని మాట. కాగితం తీయడానికి నేను పట్టకారు అందుకుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ మందులో వదిలేస్తే కాగితం మొత్తం నల్లబడి ముఖం మాయమైపోతుంది. కళ్ళ ముందే చెంపలు చిక్కబడుతున్నాయి. అతని ముఖం అలా మునిగిపోతుంటే నాకు భయమేసింది. అతను మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"తియ్," అన్నాడు చివరికి. "ముక్కు ఎవరిదైనా కానీ. రంగు మా అమ్మది."

మామూలుకంటే ఒక పిసరు నల్లగా వచ్చిన ఆ ప్రింటే క్యాసెట్ అట్ట మీదికి వెళ్ళింది. అంతకుముందు దాన్ని వాళ్ళమ్మకు చూపించాం. ఆమె చాలాసేపు చూసింది. "ముబారక్," అని వచ్చి కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పని చేశాను కానీ, అడగకుండా ఎవరి ముఖానికీ రంగు పూయలేదు. అందంగా చేస్తున్నాననుకుని ఆ రోజు నేను అతని ముఖంలోంచి వాళ్ళమ్మను తీసేశాను. ఆమెను తీసేశాక మిగిలింది ఆ దొర.