పన్ను పీకించుకున్న మాస్టారు

ఆ వ్యాయామశాలలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా నాగా పెడితే, తిరిగొచ్చిన రోజు అందరి ముందూ బరువెత్తాలి. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి గట్టిగా లెక్కపెడతారు. జ్వరమొచ్చినా అంతే, ఇంట్లో చావొచ్చినా అంతే. ఈ దిక్కుమాలిన ఆచారం పెట్టింది అక్కడ కసరత్తు నేర్పే మాస్టారే. నొప్పులన్నీ సాకులేనని ఆయన నమ్మకం. ఒకప్పుడు కాలు బెణికి నాగా పెట్టిన బక్కపల్చటి కుర్రాడికి చీపురుపుల్ల అని పేరు పెట్టి, వాడు ఏడ్చేదాకా ఎత్తించి, పగలబడి నవ్వాడు. ఆ చీపురుపుల్ల ఇప్పుడు కండలు తిరిగి మాస్టారి కిందే పనిచేస్తున్నాడు. పేరు మాత్రం వదల్లేదు.

మాస్టారికి దవడ పన్ను పీకారు.

"గుంటలో గడ్డకట్టిన రక్తమే ఇప్పుడు మీకు మూత. ఊపిరి బిగబట్టి బరువులెత్తారంటే అది ఊడిపోతుంది. ముందు విశ్రాంతి తీసుకోండి, తర్వాత మెల్లగా నడవండి. నేను మళ్ళీ చూసి చెప్పేదాకా బరువుల జోలికి వెళ్ళొద్దు" అంది పళ్ళ డాక్టరు.

మాస్టారు బుద్ధిగా తలూపాడు. కానీ వ్యాయామశాల యజమాని ఆయన్ని పనిలోంచి మాన్పించాలని చూస్తున్నట్టు అప్పటికే చెవిన పడింది. ఆ వయసులో ఈ పని పోతే మరోచోట ఎవరూ గడప తొక్కనివ్వరు. అందుకని మర్నాడొక్కరోజే ఇంట్లో ఉండి, ఆ మరుసటి పొద్దున్నే వాచిన దవడతో బయల్దేరాడు.

యజమాని కూడా ఆ వేళకి అక్కడే ఉన్నాడు. చీపురుపుల్ల ఎంతో వినయంగా కడ్డీకి ప్లేట్లు తగిలించాడు.

"రండి మాస్టారూ. మీరు పెట్టిన ఆచారమే కదా."

మాస్టారు యజమాని వైపొకసారి చూసి కడ్డీ అందుకున్నాడు. ఎత్తాడు. లెక్క మొదలైంది. ఒక్కొక్కడి గొంతులో ఎన్నాళ్ళనాటి కసో. నోట్లో ఉప్పగా తగిలితే మింగేసి, మళ్ళీ ఎత్తాడు. చీపురుపుల్ల కావాలనే లెక్క సాగదీశాడు. చివరికి నెత్తురు గడ్డం మీదుగా బనీను మీదికి కారింది.

"ఇక చాలు, దించండి మాస్టారూ" అన్నాడు చీపురుపుల్ల, అప్పుడే గుర్తొచ్చినట్టు. "బరువులెత్తొద్దని డాక్టరమ్మ చెప్పిందటగా."

యజమాని మొహం చిట్లించాడు.

"తన ఒంటి సంగతే పట్టనివాడు నా దగ్గరికొచ్చేవాళ్ళనేం చూసుకుంటాడు?" అంటూ మాస్టారి మెళ్ళో ఈల తీసి చీపురుపుల్ల చేతికిచ్చాడు. ఎవరూ అయ్యో అనలేదు.

మాస్టారు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇల్లు చేరాడు. తలుపు తీసిన భార్య నెత్తురు చూసి నిర్ఘాంతపోయింది.

"ఎత్తారా? మీరు గుమ్మం దాటగానే మీ కింద పనిచేసే ఆ అబ్బాయికి ఫోన్ చేశానండీ, ఎత్తనివ్వొద్దని బతిమాలాను. మీరేం దిగులుపడకండమ్మా, మాస్టార్ని నేను చూసుకుంటానన్నాడు."