అడ్డుకునేవాడి జీతం

1983 జూన్ 6, సోమవారం, ఉదయం పదిన్నరకు మేనేజరు బాస్కెట్‌బాల్ జట్టు కాంట్రాక్టుల ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. హోసూరులో మా ఫ్యాక్టరీకి అప్పట్లో సొంత జట్టు ఉండేది. ఎనిమిది మంది. వాళ్లకు యంత్రాల పని లేదు, ఆడటమే ఉద్యోగం. జీతం ఏడాదికొకసారి జూన్‌లో ఖాయం చేసేవారు. నేను లెక్కల గుమాస్తాను. ఆదివారాలు కోర్టు పక్కన కూర్చుని స్కోరు పుస్తకం రాసేదాన్ని కూడా. అందుకని ఎవరికెంత ఇవ్వాలో తేల్చే పని నా మీద పడింది.

ఏడుగురి సంగతి మధ్యాహ్నానికి తేలింది. ఎనిమిదోవాడు డెంకణికోట దగ్గరి రైతు కుటుంబం మనిషి. ఎదుటి జట్టులో గట్టివాడెవడో చూసుకుని, ఆట ముగిసేదాకా వాణ్ని అంటిపెట్టుకుని అడ్డుకోవడం అతని పని. నెలకు మూడు వందలు తీసుకుంటున్నాడు, నాలుగు వందల యాభై అడిగాడు. అంతకు తక్కువైతే సేద్యానికి వచ్చెయ్యమని వాళ్లన్న చెప్పాడట.

మా జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు వేసే పొడుగాయన జీతం తొమ్మిది వందలు. అతని సగటు ఆటకు పద్దెనిమిది. అంటే పాయింటుకు యాభై. మా ఎనిమిదోవాడి సగటు నాలుగు, కాబట్టి రెండు వందలు. పైగా ఇరవై రెండు ఆటల్లో ఎనభై ఒక్క ఫౌళ్లు చేశాడు. వాటికి పాతిక కోశాను.

శుక్రవారం పిలిచి కాగితం చూపించాను.

"నూట డెబ్బై అయిదా? నేను ఆపినవి యాడ రాసినారమ్మా?"

"దానికి పుస్తకంలో గడి లేదప్పా."

"మా ఊర్లో రాత్రంతా ఏనుగుల్ని తరిమేటోణ్ని ఎన్ని మూటలు పండించినావని అడగరు గదమ్మా."

పక్క బల్ల గుమాస్తా తల ఎత్తకుండానే, "ఏనుగులు బంతి ఆడేటప్పుడు నిన్నే పిలుస్తాములేప్పా," అన్నాడు.

మేనేజరు చివరికి పాత మూడు వందలే ఉంచమన్నాడు. అతను సంతకం పెట్టలేదు. కాగితం మడిచి నా బల్ల మీదే ఉంచి బస్టాండుకు పోయాడు.

ఆ ఏడు కృష్ణగిరిలో ఆడిన ఆరో ఆటలో పొడుగాయనకు సగం ఆటకే అయిదు ఫౌళ్లయ్యాయి. అయిదైతే ఆ ఆటలో ఇక ఆడనివ్వరు. బయటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు. "వాడుంటే ఈ ఫౌళ్లన్నీ వాడే చేసుండేవాడమ్మా. నన్ను అవతలి గట్టివాళ్ల దగ్గరికి పోనిచ్చేవాడే కాదు," అన్నాడు.

ఇంటికొచ్చి పాత పుస్తకం తిరగేశాను. ముందటేడు పొడుగాయన ఒక్క ఆటలోనూ అయిదు ఫౌళ్లతో బయటికి రాలేదు. నేను తప్పుల కింద కోసినవి, పొడుగాయన బదులు ఇతను నెత్తిన వేసుకున్నవి. ఎదుటి జట్టు పేజీలు నేను రాసేదాన్నే కానీ ఏనాడూ కూడి చూడలేదు. ఇప్పుడు కూడి చూశాను. అతను పట్టుకున్న గట్టివాళ్లు ఆటకు సగటున ఎనిమిది వేశారు. అతను లేని ఈ ఆరు ఆటల్లో అలాంటివాళ్లు పదిహేడు వేస్తున్నారు. తేడా తొమ్మిది. పాయింటుకు యాభై చొప్పున నాలుగు వందల యాభై. అతను సొంతంగా వేసిన నాలుగు పాయింట్లకు రెండు వందలు. మొత్తం ఆరు వందల యాభై. అతను రెండు వందలు తక్కువే అడిగాడు.

మేనేజరును ఒప్పించి, మరుసటి ఆదివారం బస్సెక్కి వాళ్ల ఊరికి పోయాను. అతను చేలో రాగి పైరుకు నీళ్లు కడుతున్నాడు. లెక్కంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"ఇప్పుడెందుకులేమ్మా. అన్న బోరు వేయించినాడు, నేనూ పొత్తు చేరినాను. మోకాలు కూడా ముందు మాదిరి లేదు. టీ తాగి పొండి."

తాగి వచ్చాను. తిరుగు బస్సులో నిలబడే రావలసి వచ్చింది. కాళ్ల నొప్పి మూడు రోజులుంది.

ఆ ఏడు పద్నాలుగు ఆటలే ఆడాం. ఓడే జట్టుకు జీతాలెందుకని 1984 మార్చి 31న ఫ్యాక్టరీ జట్టును ఎత్తేసింది. అతనికి ఇవ్వకుండా మేం మిగుల్చుకోవాలని చూసింది నెలకు నూట యాభై. పోయినవి పద్నాలుగులో పది ఆటలు, అతనిదీ కలుపుకుని ఎనిమిది ఉద్యోగాలు, కోచ్ అంచనా ప్రకారం అతనిలో ఇంకా మిగిలి ఉన్న నాలుగేళ్ల ఆట.